‘వెళ్లొస్తా’ అన్న అక్కలు

ప్రశ్న: అమ్మా, వందనాలు. నేను తిరుపతిలో నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వయసు ఇరవై ఒకటి. మా సంఘంలోని యౌవనస్థుల కూటమి తరఫున పద్నాలుగు మందిమి మే నెలలో చిత్తూరు దగ్గరున్న ఒక బాలల గృహానికి పది రోజుల సేవకు వెళ్లాలనుకుంటున్నాం. మనిషికి 3,500 రూపాయలు వేసుకుంటున్నాం. ఉదయం పాటలు, బైబిలు కథలు, బొమ్మలు గీయించడం, సాయంత్రం ఆటలు, ఆఖరి రోజు పిల్లలతో ఒక కార్యక్రమం. ఇదీ మా ప్రణాళిక. రోజూ ఫొటోలు తీసి సంఘం గ్రూపులో పెడితే వచ్చే ఏడాది ఇంకా ఎక్కువమంది ముందుకొస్తారని మా కూటమి నాయకుడు అన్నారు.

నాకు వెళ్లాలనే ఉంది. కానీ మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటోంది. పోయిన క్రిస్మస్‌కు అదే గృహానికి కేకులు తీసుకుని ఒక పూట వెళ్లాం. వ్యాను దిగగానే ఆరేళ్ల పాప ఒకతె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రం దాకా వదలలేదు. వచ్చేటప్పుడు “రేపు వస్తావా అక్కా?” అని అడిగింది. ఏడుస్తుందేమోనని “వస్తాలే, వెళ్లొస్తా” అన్నాను. మూడు నెలలైంది, మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. “పది రోజులు అక్కడుండి ఏం చేస్తావు, ఆ డబ్బేదో పంపించు” అంటుంది అమ్మ. “దేవుని పని, వెళ్లనీ” అంటారు నాన్న. వెళ్లాలా, వద్దా? వెళితే ఆ పాప ముందు ఎలా నిలబడాలి? మీ మనవరాలి వయసుదాన్ని, నన్ను ‘నువ్వు’ అనే పిలవండి.
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: సరే తల్లీ, ‘నువ్వు’ అనే అంటాను. ముందు జవాబు చెప్పేస్తాను. వెళ్లు. కానీ మీ ప్రణాళిక కాగితాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్లు. అందులో ఉన్నవన్నీ పిల్లలతో చేసే పనులే. అక్కడ నిజంగా మిగిలిపోయి ఉండేవి పిల్లల్ని చూసుకునేవారి పనులు.

ఇలా తెగేసి చెప్పడానికి నాకేం అధికారం ఉందని అడగవచ్చు. నేను పదకొండేళ్లు ఒక బాలికల గృహంలో వార్డెన్‌గా ఉన్నాను. ఆ గృహం పేరు ఇక్కడ అనవసరం. మీలాంటివారు దిగే వ్యాన్లను ఎన్నో చూశాను. వ్యాను వెళ్లిపోయాక గేటు మూసింది నేనే. అందుకని నువ్వు చూడని సగం నాకు తెలుసు.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘వెళ్లొస్తా’. మన ఇళ్లలో గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనకూడదు. అంటే పెద్దవాళ్లు కసురుకుంటారు. పక్కవీధి కొట్టుకు వెళ్లినా, పొరుగు దేశానికి వెళ్లినా ‘వెళ్లొస్తాను’ అనే అనాలి. పెళ్లిలో ఒకసారి కనిపించి మళ్లీ జన్మలో ఎదురుపడని చుట్టానికి కూడా అదే చెబుతాం. అది ఉత్త మర్యాదేనని, మాట ఇచ్చినట్టు కాదని మనకు తెలుసు. ఎలా తెలుసు? ఉదయం ‘వెళ్లొస్తా’ అని బయలుదేరిన నాన్న సాయంత్రానికి చేతిసంచితో తిరిగొచ్చాడు కాబట్టి. మన ఇంట్లో ఆ మాట వెయ్యిసార్లు నిజమైంది. ఇంకెక్కడో ఒకసారి అబద్ధమైతే మనకు నొప్పి ఉండదు. ఆ పాప లెక్క వేరు. ఆమెను ఆ గృహంలో దింపిన మనిషి, తల్లో మేనమామో అమ్మమ్మో, గేటు దగ్గర ఆఖరున అన్న మాట కూడా బహుశా అదే.

నిన్ను తిట్టడానికి చెప్పడం లేదు. ఆ మాట నేనూ అన్నదాన్నే. ఉద్యోగం మానేసిన రోజున కూడా అన్నాను.

మా పిల్లలు వచ్చేవారిని పేర్లతో గుర్తుపెట్టుకునేవారు కాదు. తెచ్చినవాటితో గుర్తుపెట్టుకునేవారు. కేకు అన్నయ్యలు, రంగుపెన్సిళ్ల అక్కలు, దుప్పట్ల అంకుల్. డిసెంబరు 20 దాటితే మా గేటుకు తాళం పడేది కాదు. ఒక ఏడాది ఆ ఒక్క వారంలో పదిహేడు కేకులు వచ్చాయి. రెండో రోజుకే చిన్నపిల్లలకు కడుపునొప్పి, వాంతులు. అదే జూన్‌లో బడులు తెరిచే వారం నోటుపుస్తకాల కోసం ఎవరి గుమ్మం ఎక్కాలో తెలిసేది కాదు. వచ్చిన ప్రతి బృందానికీ ఒక స్వాగతగీతం, అభినయంతో ఒక పాట, చివర కృతజ్ఞతలు. పరీక్షలకు చదువుకుంటున్న పదో తరగతి పిల్ల కూడా పుస్తకం మూసి వచ్చి వరుసలో నిలబడి చప్పట్లు కొడుతూ పాడాల్సిందే. ఆ పాటలు నేర్పించింది నేనే. అతిథులకు నచ్చితే బియ్యం బస్తా వస్తుందని నా ఆశ. ఆ పిల్ల అప్పుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. మీ ‘ఆఖరి రోజు కార్యక్రమం’ గురించి చదవగానే ఆ చూపే గుర్తొచ్చింది. దాన్ని కొట్టెయ్యండి. పిల్లలు ఎవరికీ ప్రదర్శన బాకీ లేరు.

ఇప్పుడు ఆ పాప చెయ్యి పట్టుకోవడం గురించి. ఇంట్లో పెరిగే ఆరేళ్ల పిల్ల కొత్తమనిషి కనబడితే ఏం చేస్తుంది? తల్లి చీరకొంగు వెనక దాక్కుంటుంది. అరగంట తర్వాత ఒక కన్నుతో తొంగిచూస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకునే పిల్ల, మీ ప్రేమకు కరిగిపోయి వచ్చిందని అనుకోకు. దాక్కోవడానికి ఆమెకు కొంగు లేదు. తల్లి నుంచి, తల్లిలాంటి మనిషి నుంచి విడిపోయిన పసిపిల్లల మీద జాన్ బౌల్బీ అనే ఇంగ్లండు వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లోనే నివేదిక రాశాడు. పసివయసులో బిడ్డకు కావలసింది ఒకే మనిషి, రోజూ ఉండే మనిషి అన్నది దాని సారం. పదిమంది చేతులు మారితే బిడ్డ అందరికీ దగ్గరవుతుంది, ఎవరికీ కాకుండా పోతుంది. పది రోజులు పద్నాలుగు మంది పోటీపడి ఎత్తుకుని ముద్దుచేసి పదకొండో రోజు మాయమైతే ఆ పిల్లకు మిగిలేది ఆ పాఠమే. ఇది ప్రపంచమంతటా ఉన్న సమస్యే. అనాథాశ్రమాలకు విహారయాత్రల్లా సేవాయాత్రలు నడపడం వల్ల పిల్లలకు జరిగే కీడును అరికట్టాలని 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ తీర్మానంలోనే చెప్పింది.

ఇంకో మాట. ఆ పిల్లలను మీ కూటమిలో ‘అనాథలు’ అంటున్నారేమో. ఆ మాట మానేయమని చెప్పు. 1876–78 కరవులో, మన చిత్తూరు ఇంకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న రోజుల్లో, మద్రాసు రాజధానిలో మిషన్లు తల్లీతండ్రీ పోయిన పిల్లలకు ఆశ్రయాలు తెరిచాయి. అప్పటి పిల్లలు నిజంగా అనాథలు. ఇప్పటి గృహాల్లో ఉండేవారిలో చాలామందికి తల్లో తండ్రో, ఒక్కోసారి ఇద్దరూ ఉన్నారు. మా గృహంలో నలభై ఇద్దరు ఉండేవారు. ఎవరూ లేనివారు అయిదుగురు. మిగతావారి తల్లుల్లో కొందరు బెంగళూరులో ఇళ్లల్లో పనిచేసేవారు, కొందరు తిరుప్పూరులో బట్టలు కుట్టేవారు. మొగుడు పోయినవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు, తాగి కొట్టే మొగుడికి భయపడి పిల్లను దాచినవాళ్లు. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖలు రాసి, గృహాల్లో ఉన్న పిల్లలను వీలైనంతవరకు కుటుంబాలకు చేర్చమంది. ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఆదేశం మీద చాలా విమర్శలు వచ్చాయి. తొందరపడి పంపితే పిల్ల మళ్లీ అదే కొట్టే ఇంటికి చేరుతుందన్న భయం నాకూ ఉంది. కానీ అసలు ప్రశ్న సరైనదే. ఈ పిల్ల ఇక్కడ ఎందుకు ఉంది?

మీ సేవకు ఆధారంగా యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనమే చెప్పుకుని ఉంటారు. మనందరం దాన్నే చెప్పుకుంటాం. దాన్ని మళ్లీ ఒకసారి చదువు. దిక్కులేని పిల్లలను మాత్రమే అనలేదు, పక్కనే విధవరాండ్రను కూడా పెట్టాడు. పిల్లను, తల్లిని ఒకే వాక్యంలో ఉంచాడు. మనం కేకు పట్టుకుని పిల్ల దగ్గరికి వెళ్తున్నాం, తల్లిని బెంగళూరు బస్సెక్కిస్తున్నాం. తెలుగులో అక్కడ వాడిన క్రియ ‘పరామర్శించడం’. ఎంత మంచి మాటో చూడు. మన ఊళ్లలో పరామర్శకు వెళ్లేవారు ఎలా వెళ్తారు? చప్పుడు చేయకుండా వెళ్తారు. కాసేపు కింద కూర్చుంటారు. ఏం కావాలో ఇంటివారిని అడగరు, తామే వంటింట్లోకి వెళ్లి చూస్తారు. పొయ్యి వెలగలేదంటే అన్నం వండి తెస్తారు. దుఃఖంలో ఉన్నవారి చేత పాట పాడించరు. ఫొటో దిగరు. మీ పది రోజులూ ఇలాగే ఉండాలి.

ఇక ప్రణాళిక. బయలుదేరే ముందు మీ నాయకుడు ఆ గృహానికి ఫోను చేసి మూడు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, మే నెలలో అక్కడ ఎంతమంది ఉంటారు? ఇది అడగకుండానే తేదీలు వేసుకున్నారని నా అనుమానం. వేసవి సెలవుల్లో ఇంటిమనిషి ఉన్న పిల్లలందరూ ఊళ్లకు వెళ్లిపోతారు. మిగిలేది ఎవరూ రానివాళ్లు. పక్కమంచం పిల్లను వాళ్ల అమ్మమ్మ వచ్చి తీసుకెళ్లడం చూసి, కిటికీ దగ్గర నిలబడిన వాళ్లు. సంవత్సరంలో వారికి అన్నిటికన్నా బరువైన నెల అది. వారి ముందు పద్నాలుగు మంది గోలగోలగా దిగి గంతులు వేస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. అదే సమయంలో, ఖాళీ మంచాలున్న గదులకు సున్నం వేయడానికి, తలుపులకు గడియలు బిగించడానికి, కిటికీలకు దోమల జాలీ కొట్టడానికి అంతకన్నా మంచి నెల లేదు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఊళ్ల నుంచి పిల్లలు తిరిగొచ్చేసరికి గది తెల్లగా ఉంటే వారికి అదే స్వాగతగీతం.

రెండోది, నమోదు పత్రం. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం ఆదరణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా నమోదు చేసుకుని తీరాలి. ప్రభుత్వం డబ్బు తీసుకున్నా, తీసుకోకపోయినా, చర్చి నడిపినా, మఠం నడిపినా అంతే. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పిల్లలు బాలల సంక్షేమ సమితి ఆదేశంతో అక్కడికి వచ్చి ఉండాలి. “మాకు దేవుడే ఆధారం, కాగితాలు ఎందుకు” అనే గృహమైతే ఆ మెట్లు ఎక్కవద్దు. మంచి గృహం ఈ ప్రశ్నకు నొచ్చుకోదు. నన్ను అలా అడిగినవారు పదకొండేళ్లలో ఇద్దరే. ఇద్దరికీ కాఫీ ఇచ్చి ఫైలు చూపించాను. వారే ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారు.

మూడోది, మీ పద్నాలుగు మంది వివరాలు మీరే ముందు పంపండి. పిల్లలుండే సంస్థలు తమ సిబ్బందికి పోలీసు విచారణ చేయించాలని, పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. మీరు సిబ్బంది కాదు, నిజమే. కానీ పది రోజులు లోపల తిరిగేవారు తమ గుర్తింపు కార్డుల నకళ్లు, సంఘకాపరి సంతకంతో ఒక లేఖ ఇవ్వడానికి సిగ్గుపడకూడదు. మీ కూటమిలోని అన్నయ్యలు, అక్కలు ఎవరూ ఏ పిల్లతోనూ గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం మీరే పెట్టుకోండి. బట్టలు మార్పించడం, స్నానం చేయించడం మీ పని కాదు. ఏ పిల్లయినా తనకు జరిగిన చెడ్డ విషయం ఏదైనా నీతో చెబితే, గుచ్చిగుచ్చి అడగకు. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాట ఇవ్వకు. చట్టం ప్రకారం లైంగిక వేధింపు గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసినా సాయం దొరుకుతుంది.

ఫొటోల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. వద్దు. మీ నాయకుడు ఒప్పుకోకపోతే పైన చెప్పిన బాలల న్యాయ చట్టంలోనే 74వ సెక్షన్ చూపించు. ఆదరణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, గుర్తుపట్టేలా చేసే మరే వివరమైనా బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముఖం మీద నవ్వుబొమ్మ అతికిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. వెనక గృహం బోర్డు కనిపిస్తే ఎవరికి తెలియదు? కొట్టే తండ్రికి భయపడి దాచిన పిల్ల గురించి పైన చెప్పాను కదా. ఆ తండ్రి దగ్గర కూడా ఫోను ఉంటుంది. సున్నం వేసిన గోడను ఫొటో తీసుకోండి.

మరి పది రోజులూ ఏం చేయాలి? ప్రతి గృహంలోనూ ఒక ఆయా ఉంటుంది. పదేళ్లుగానో పదిహేనేళ్లుగానో ఉంటుంది. ఆ పిల్లలకు ఉన్న ‘ఒకే మనిషి’ ఆమే. ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, రాగిసంగటి కెలికి, నలభై కంచాలు కడిగి, బట్టలు ఉతికి, రాత్రి పది గంటలకు నడుం వాలుస్తుంది. పిల్లలతో కూర్చోవడానికి ఆమెకు తీరిక ఉండదు. ఉన్న తీరికంతా వ్యాను దిగినవారిది. మీరు దీన్ని తిరగేయండి. కంచాలు మీరు తోమండి, జడలు ఆమెను వేయనివ్వండి. సంగటి మీరు కెలకండి. ఆ కట్టె తిప్పడం ఎంత కష్టమో మీ కూటమిలోని కండల కుర్రవాళ్లకు తెలిసొస్తుంది. వేరుశనగ పచ్చడి రోట్లో రుబ్బండి. దుప్పట్లు ఉతికి ఆరేయండి. మే నెల ఎండకు గంటలో ఆరిపోతాయి. సాయంత్రం ఆయా చెట్టుకింద కూర్చుని పిల్లల తలలో పేలు చూస్తూ కబుర్లు చెబుతుంటే, మీరు దూరంగా నూనెడబ్బాలు కడుగుతూ వినండి. ఆ కబుర్లు సగం తెలుగు, సగం తమిళం. చిత్తూరు పక్క పిల్లలకు రెండూ ఒకటే భాష. మీరు తెచ్చే బొమ్మల కథలకన్నా అవి బాగుంటాయి. ఇది చూడటానికి సేవలా కనిపించదు. సంఘంలో సాక్ష్యం చెప్పడానికీ పెద్దగా పనికిరాదు. ఆ ఆయాకు మాత్రం ఆ పది రోజులు పిల్లలతో గడిపే తీరిక.

నీకు ప్రత్యేకంగా ఒక పని ఉంది. నర్సింగ్ చదువుతున్నావు కదా. మందులు ఇవ్వకు, అది నీ పని కాదు, ఇంకా నీ చేతికి రాలేదు. కానీ ఎత్తూ బరువూ కొలిచి వరుసగా రాసిపెట్టడం, గజ్జి మొదలైనవారిని గుర్తించి వార్డెన్‌కు చెప్పడం, దుప్పట్లు తువ్వాళ్లు ఎవరివి వారికి వేరు చేయడం, నల్లబల్ల మీది అక్షరాలు కనబడక కళ్లు చికిలించే పిల్ల ఎవరో కనిపెట్టడం నీకు వచ్చిన విద్యే. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చి పరీక్షించే బాలల ఆరోగ్య బృందాలు ప్రభుత్వానికి ఉన్నాయి. ఆ బృందం ఈ గృహం పిల్లలను చూసిందో లేదో అడుగు. చూడకపోతే పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వార్డెన్‌తో కలిసి ఒకసారి వెళ్లి రా. మా గృహంలో రెండేళ్లు మొద్దు అని తిట్లు తిన్న పిల్లకు చివరికి తేలింది కంటి అద్దాల అవసరం. తిట్టినవారిలో నేనూ ఉన్నాను.

సువార్త మాటేమిటి అని నువ్వు అడగలేదు. అయినా మీ ప్రణాళికలో బైబిలు కథలు ఉన్నాయి కాబట్టి చెబుతాను. నేనూ సండే స్కూలులో పెరిగినదాన్నే. గృహంలో రోజూ జరిగే సాయంకాల ప్రార్థన ఉంటే వెనక కూర్చుని కలిసి పాడండి, తప్పేమీ లేదు. కానీ సంక్షేమ సమితి పంపే పిల్లలు అన్ని మతాల ఇళ్ల నుంచీ వస్తారు. విద్యాసంస్థల విషయంలోనే మన రాజ్యాంగం 28వ అధికరణం మైనరు పిల్లను సంరక్షకుల అనుమతి లేకుండా మతబోధలో పాల్గొనమని బలవంతం చేయకూడదంటుంది. అన్నం పెట్టే చేతికి ‘వద్దు’ అని చెప్పలేని పిల్ల విషయంలో ఇంకెంత జాగ్రత్త పడాలి? ‘యేసును నమ్మినవారు చేతులెత్తండి’ అని అడగవద్దు. నలభై చేతులూ లేస్తాయి. ‘ఐస్‌క్రీము కావలసినవారు’ అన్నా అన్నే లేస్తాయి. మా గృహానికి ప్రతి కార్తికంలో మాల వేసుకున్న ఒక స్వామి బియ్యం బస్తా తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి కూడా రాకుండా వెళ్లిపోయేవాడు. ఎందుకు రారు అని ఒకసారి అడిగాను. పిల్లలు చదువుకునే వేళ కదమ్మా అన్నాడు.

డబ్బు గురించి మీ అమ్మ అన్నది కొట్టిపారేసే మాట కాదు. పద్నాలుగు మంది, తలా 3,500 అంటే 49,000 రూపాయలు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకంలో పిల్లను గృహానికి పంపకుండా సొంత ఇంట్లోనే ఉంచి చదివించడానికి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఏడాదికి 48,000. మీరు పది రోజులకు పెట్టే ఖర్చు ఒక పిల్లను సంవత్సరం పాటు తల్లి దగ్గర ఉంచే ఖర్చుతో సమానం. ఆ పథకానికి అర్హుల్లో మొదట చెప్పేది భర్త పోయిన, విడిపోయిన, కుటుంబం వదిలేసిన తల్లుల పిల్లలను. ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తులు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో తీసుకుంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తిరుపతికి, చిత్తూరుకు ఇవి వేర్వేరు. మీ సంఘంలోనే అలాంటి తల్లులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఎక్కడో వెనక బెంచీలో కూర్చుంటారు. ఆదాయ ధ్రువపత్రం, భర్త మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో తప్పు పడిన పేరు. వీటి కోసం వారితో పాటు కార్యాలయాల చుట్టూ తిరగడానికి మీ కూటమిలో ఎవరు ముందుకొస్తారో అడిగి చూడు. ఆ పనికి వ్యాను అక్కరలేదు. అందుకని చిత్తూరు వెళ్లడం మానమనను. పద్నాలుగు మందికి బదులు ఆరుగురు వెళ్లండి. తిరుపతి నుంచి 70 కిలోమీటర్ల దూరానికి ప్రత్యేక వ్యాను ఎందుకు, ఆర్టీసీ బస్సు ఉంది. మిగిలిన డబ్బు సున్నానికి, జాలీకి పెట్టండి. మిగిలిన ఎనిమిది మంది తిరుపతిలోనే ఆ తల్లుల పని చూడండి.

ఇప్పుడు ఆ పాప. నువ్వు అసలు అడిగింది ఇదే.

ఆమె నిన్ను గుర్తుపట్టకపోవచ్చు. మూడు నెలలుగా నువ్వు మోస్తున్న ముల్లు ఆమెకు గుర్తే లేకపోవచ్చు. ఆ తర్వాత ఎన్ని చేతులు పట్టుకుందో. అది నీకు దెబ్బలా తగులుతుంది, ఓర్చుకో. గుర్తుచేయడానికి ప్రయత్నించకు. గుర్తుపట్టి ముఖం తిప్పుకుంటే అది మంచిదే, కోపం తెచ్చుకునే హక్కు ఆమెకు ఉంది. కింద కూర్చుని, ఆమె కళ్ల ఎత్తులో, “పోయినసారి రేపు వస్తానన్నాను. రాలేదు. తప్పు నాది” అను. అంతే. కారణాలు చెప్పకు, కొత్త గౌను ఇవ్వకు. మొదటి రోజే, ఆయా పక్కన ఉండగా, అందరు పిల్లలకూ కలిపి చెప్పండి: “మేం పది రోజులు ఉంటాం. పదో రోజు మధ్యాహ్నం భోజనం చేసి బస్సు ఎక్కుతాం. మళ్లీ వస్తామో లేదో ఇప్పుడే చెప్పలేం.” గోడ మీద పది గీతలు గీయండి. రోజుకొక గీత కొట్టేసే పని ఆ పాపకే ఇవ్వవచ్చు, వార్డెన్ సరేనంటే. వెళ్లిపోవడం అనేది ఉరుములా మీద పడకుండా, లెక్కపెట్టగలిగే దూరంలో కనబడుతుంది. ఎవరో తనకు నిజం చెప్పారన్నది కూడా ఆ పిల్లకు కొత్తే.

ఆ పది రోజులూ ఆమెను ఒక్కదాన్నే ఒళ్లో పెట్టుకోకు. పక్కపిల్లలు చూస్తుంటారు. నువ్వు వెళ్లాక ఆమెను వారే ఏడిపిస్తారు. ఇది నేను చూశాను.

ఆఖరి రోజు ఏమనాలి? ‘వెళ్తున్నాను’ అను. నోటికి రాదు, నాకు తెలుసు. అమ్మమ్మ ఎవరో పక్కనుంచి కసురుతున్నట్టే ఉంటుంది. అయినా అను. ఏడుస్తుంది, ఏడవనీ. ఆయా ఎత్తుకుంటుంది. ఎత్తుకోవలసింది ఆమే. సందు తిరిగేదాకా చెయ్యి ఊపి, తర్వాత నువ్వు ఏడువు.

తర్వాత కూడా ఏదైనా చేయాలనిపిస్తే, వార్డెన్ ఒప్పుకుంటే, నెలకొక పోస్టుకార్డు రాయి. కార్డు ధర ఇప్పటికీ అర్ధరూపాయే. పాపకు ఒక్కదానికే కాకుండా గదిలోని పిల్లలందరి పేరునా రాయి. కానీ మొదలుపెట్టే ముందు నీ చదువు, పరీక్షలు, రేపు ఉద్యోగం, పెళ్లి, అన్నీ లెక్కచూసుకో. ఏడాది పాటు తప్పకుండా రాయగలనని నీకు గట్టిగా అనిపించకపోతే మొదటి కార్డు కూడా వేయకు.

ముందు ఈ వారమే ఆ వార్డెన్‌గారికి ఫోను చేయండి. మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, అప్పటిదాకా ఆమెకు ఊపిరి సలపదు. మీకు ఏం కావాలండీ అని అడిగితే, “ఏమీ వద్దండీ, మీరు వస్తే చాలు, పిల్లలు సంతోషిస్తారు” అంటుంది. నేనూ అందరితో అదే అనేదాన్ని. నమ్మవద్దు. రెండో రోజు మళ్లీ చేసి అడగండి. మూడోసారి అడిగితే, ఎన్ని కిటికీలకు జాలీ లేదో, మరుగుదొడ్డి తలుపుల్లో ఎన్నిటికి గడియ ఊడిందో చెబుతుంది. అది కాగితం మీద రాసుకోండి.